ముందు మీ ఇంటివారి దగ్గరికి

మార్కు సువార్త ఐదో అధ్యాయంలో యేసు ప్రభువును మూడు పక్షాలవారు బతిమాలతారు. మొదట, ఒక మనిషిని పట్టిన దయ్యాలు. ఈ దేశంలోంచి తోలేయొద్దు, ఆ పందుల్లోకైనా పంపించు అంటాయి. సరేనన్నాడు. ఇంచుమించు రెండు వేల పందులు సముద్రంలో పడి చచ్చాయి. ఆ వార్త విని ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చి, మా ప్రాంతం విడిచి వెళ్లిపొమ్మని వేడుకున్నారు. దానికీ సరేనని పడవ ఎక్కాడు. మూడోది, బాగుపడిన మనిషి. నన్నూ నీతో ఉండనివ్వు అని ప్రాధేయపడ్డాడు. అతనికి మాత్రం కాదన్నాడు!

చదివిన ప్రతిసారీ నాకు ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. సమాధుల్లో పడుకుని, సంకెళ్లు తెంపుకుని, రాళ్లతో ఒళ్లు కోసుకున్న మనిషి అతను. ఇప్పుడు బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. అలాంటివాడు బతుకంతా నీకే అంటే మనమైతే ఏం చేస్తాం? చప్పట్లు కొట్టి, వచ్చే ఆదివారమే స్టేజీ ఎక్కించి మైకు ఇస్తాం. ప్రభువు చెప్పింది వేరు. "నీవు నీ యింటివారియొద్దకు వెళ్లి, ప్రభువు నీయందు కనికరపడి, నీకు చేసిన కార్యములన్నిటిని వారికి తెలియజెప్పుము."

ఆ ఇంట్లో ఎవరున్నారో మార్కు రాయలేదు. ఎవరున్నా అతని కేకలు విన్నవాళ్లే. చేతులకు గొలుసులు వేసింది కూడా వాళ్లో, వాళ్లు పిలిపించిన మనుషులో అయ్యుండాలి. మణికట్టు మీద ఆ గుర్తులు ఇంకా మానలేదు. తలుపు తీసినవాళ్లు ముందు ఒకడుగు వెనక్కే వేసి ఉంటారు. వాళ్లకు ప్రసంగం ఎక్కదు. ఈ రాత్రి పడుకుంటాడా, రేపు కూడా బట్టలు ఒంటి మీద ఉంటాయా, కోపం వస్తే ఏం చేస్తాడు, ఇదే చూస్తారు. సంఘంలో సాక్ష్యం పది నిమిషాలు. ఇంట్లో అది పొద్దున కాఫీ దగ్గర మొదలై రాత్రి పడుకునేదాకా సాగుతుంది, పైగా వినేవాళ్లకు మన పాత సంగతులన్నీ తెలుసు.

చెప్పమన్న విషయం కూడా చూడండి, రెండే ముక్కలు: ప్రభువు కనికరపడ్డాడు, ఇదీ నాకు చేసింది. అంతే. యూదులు అపవిత్రమనే పందులను మేపే ఆ ప్రాంతంలో ఈ మనిషికి యూదుల ధర్మశాస్త్రం ఎంత తెలుసో అనుమానమే. అయినా అది నేర్చుకుని వెళ్లమనలేదు, పక్కింటివాళ్ల దేవుళ్లను తిట్టమనలేదు, వాదించి గెలవమనలేదు. సువార్త అంటే ఎదుటివాడి తప్పులు లెక్కపెట్టడం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. నాకది మింగుడుపడదు. రక్షణ మన క్రియల వల్ల కాదు, ఆయన కనికరం వల్ల అని తీతు పత్రిక చెబుతుంటే, ఉచితంగా పొందినవాడు ఇంకొకడి మీద ఎలా గొంతు పెంచుతాడు?

అతను వెళ్లి దెకపొలి అనే ఆ పది పట్టణాల ప్రాంతమంతటా చెప్పాడు. ఏడో అధ్యాయంలో ప్రభువు మళ్లీ ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు, ఈసారి జనం ఒక చెవిటివాణ్ణి వెంటపెట్టుకుని వచ్చారు. మధ్యలో అక్కడికి శిష్యులెవరూ వెళ్లినట్టు మార్కు రాయలేదు.

మన నేల మీద కూడా ఇది జరిగింది. ఒంగోలు అనగానే మనవాళ్లు 1878 జూలై 3 చెబుతారు, ఆ ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారని. పెద్ద సంగతే. కరువు కాలంలో తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని అంతకుముందు చాలా నెలలు బాప్తిస్మాలు ఆపేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర నిగ్రహం నాకు ఇంకా నచ్చుతుంది. కానీ నా మనసు పోయేది అంతకు పన్నెండేళ్లు వెనక్కి, యర్రగుంట్ల పేరయ్యగారి మీదికి. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నారు. 1866లో భార్య నాగమ్మగారితో బాప్తిస్మం తీసుకుని, తన ఊరు తలకొండపాడుకే తిరిగొచ్చి తనవాళ్లకు చెప్పుకుంటూ పోయారు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ దొర అక్కడికి వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు సంఘం అప్పటికి కొద్ది రోజుల క్రితమే ఎనిమిది మందితో మొదలైంది.

మనం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడితే పాస్టరుగారిని, సంఘాన్ని పిలుస్తాం, బిర్యానీ వండిస్తాం. పక్క పోర్షన్‌వాళ్లను, మాటలు మానేసిన అన్నయ్యను పిలవాలంటే మాత్రం ఎక్కడలేని మొహమాటం. ఈసారి వాళ్లను కూడా పిలవండి. మైకు వద్దు. ఏం జరిగిందో మీ నోటితో రెండు మాటలు చెప్పి వడ్డించండి. నమ్మితే నమ్ముతారు, లేకపోతే భోంచేసి వెళ్తారు. రెండూ మంచివే.