ఉగ్రవాదం, దౌత్య సహకారం: ఒక్క కేసు నేర్పిన పాఠం

శ్రీకాకుళంలో అద్దె గదిలో ఉండి గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న రోజుల్లో, ఉగ్రవాదంపై దేశాల మధ్య సహకారం గురించి నేను రాసిన మొదటి నమూనా జవాబుకు పదికి మూడు మార్కులు వచ్చాయి. ‘దేశాలన్నీ ఏకతాటిపైకి రావాలి’ అన్న వాక్యం కింద మాస్టారు ఎర్ర సిరాతో గీత గీసి, ‘ఎవరు, ఏ ఒప్పందం కింద, ఏం చేశారు?’ అని రాశారు. ఆ కాగితాన్ని పరీక్ష అయ్యేవరకు బల్ల ముందు గోడకు అంటించుకున్నాను.

ఆ తర్వాత నోట్సులు పక్కన పెట్టి, 166 మందిని బలిగొన్న 2008 ముంబయి దాడుల కేసును మొదటి నుంచీ చదివాను. ఆ దాడులకు ముందు ముంబయిలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ, అతనికి సాయపడ్డాడన్న ఆరోపణ ఉన్న మిత్రుడు తహవ్వుర్ రాణా ఇద్దరూ 2009లో షికాగోలో అరెస్టయ్యారు. హెడ్లీ నేరం ఒప్పుకొని, తనను భారత్‌కు అప్పగించకూడదన్న షరతుతో అక్కడి ప్రాసిక్యూటర్లతో ఒప్పందం చేసుకున్నాడు. 35 ఏళ్ల శిక్ష పడ్డాక, 2016లో ముంబయి కోర్టుకు వీడియో ద్వారా సాక్ష్యం మాత్రం చెప్పాడు. రాణాకు అలాంటి రక్షణ లేదు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించరాదన్న అతని వాదనను అమెరికా కోర్టులు తోసిపుచ్చడంతో, 1997 నాటి నేరస్తుల అప్పగింత ఒప్పందం కింద 2025 ఏప్రిల్ 10న అతన్ని ఢిల్లీకి తీసుకొచ్చారు. ఈ తేడాను కారణాలతో సహా రాయగలిగితే జవాబులో సగం బరువు అక్కడే వస్తుందని నా నమ్మకం.

సాయంత్రాలు నాగావళి వంతెన మీద నడుస్తూ, పలాస మిత్రుడూ నేనూ ఒకరినొకరు ప్రశ్నించుకునేవాళ్లం. ‘జైషే మహ్మద్ అధినేత మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలో చేర్చే విషయంలో చైనా వీటో వాడిందా?’ అని అతను అడిగిన రోజు నేను తడబడ్డాను. ఆ జాబితాను చూసే భద్రతా మండలి 1267 ఆంక్షల కమిటీలో 15 సభ్య దేశాలూ ఏకాభిప్రాయానికి రావాలి కనుక, ఏ ఒక్క దేశం అభ్యంతరం పెట్టినా ప్రతిపాదన ఆగిపోతుంది. చైనా చేసింది అదే; దాన్ని వీటో అనరు. ఆ అభ్యంతరం తొలగాకే, 2019 మే 1న అతని పేరు జాబితాలోకి ఎక్కింది. అంతర్జాతీయ ఉగ్రవాదంపై భారత్ 1996లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన సమగ్ర ఒడంబడిక, ఉగ్రవాద నిర్వచనం దగ్గరే చిక్కుకుపోయిందన్న సంగతికి ఒక్క వాక్యం చాలు.

మన ప్రాంతం వాళ్లు వదలకూడని ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగే నాటికి, గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ జైల్లో ఉన్నారు. రెండు దేశాలూ అంతగా ఎడమొహం పెడమొహంగా ఉన్నా, 2008 మేలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవడం మానలేదు. 2020 జనవరిలో ఆ మత్స్యకారుల్లో ఇరవై మంది వాఘా దాటి ఇంటిదారి పట్టారు.