మా అంజీర మొక్కకు కత్తిరింపులు

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలకు కొదవలేదు గానీ, ఇంటి వెనక అంజీర పెంచేవాళ్లు తక్కువే. అందుకే మా మొక్కకు కత్తెర పెట్టే ముందు, బత్తాయి తోట ఉన్న మా మేనమామను పిలిచాను. మొక్క ఛాతీ ఎత్తున ఒంటి కాడగా ఉంది, కాండం అడుగున పిలకలు గుబురుగా లేచాయి.

"చలికాలం దాకా ఆగు అల్లుడా. వానల్ల కోస్తే కోసిన కాడ కుళ్లుతది, ఎండల్ల కోస్తే బెరడు మాడుతది" అన్నాడు.

డిసెంబరులో ఆకులు రాలాక పిలకలన్నీ నేలమట్టానికి తీసేశాం. కాండాన్ని రెండున్నర అడుగుల ఎత్తులో, కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోశాం. కోయగానే తెల్లటి పాలు కారాయి. అవి ఒంటికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి, గ్లౌజులు తప్పనిసరి. పాలు ఆరాక కోతకు తెగులు సోకకుండా బోర్డో పేస్ట్ పూశాం: 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ డబ్బాల్లోనే కలపాలి. మామ అందులో ఇనుప కత్తి ముంచి తీశాడు. దానిమీద ఎర్రటి పూత కనిపించింది. అలా వస్తే సున్నం చాలలేదన్నమాట. ఇంకొంచెం కలిపి మళ్లీ ముంచితే కత్తి మామూలుగానే వచ్చింది.

అసలు కష్టం ఉగాదికి వచ్చింది. కోత కింద ప్రతి కన్నుకూ (మొగ్గకూ) చిగురే. లేతగా, నిగనిగలాడుతుంటే తీయడానికి చేతులు రాలేదు. అయినా మూడే ఉంచాను. మూడూ తలో దిక్కుకు, ఒకదానికొకటి నాలుగు వేళ్ల ఎడంతో ఉండాలని చూశాను. ఒకే చోట జంటగా లేచినవాటిలో ఒకటి తీసేశాను. లేకపోతే రేపు కాయల బరువుకు ఆ పంగ చీలుతుంది. నడిమధ్య ఖాళీగా ఉంటే గాలి, వెలుతురు ఆడతాయి, వానాకాలంలో ఆకులకు తుప్పు తెగులు కూడా తగ్గుతుంది. మన ఎండలు తెలిసినవే కదా, కాండానికి సున్నం కొట్టాను.

మరుసటి చలికాలం మూడు కొమ్మల్నీ మూడోవంతు కత్తిరించాను, బయటికి చూసే కన్ను మీదికి. కాయలు పోతాయేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. కానీ అంజీర ఎక్కువగా కొత్త చిగుళ్ల మీదే కాస్తుంది. ఈ ఎండాకాలం ఆకు మొదళ్లలో కాయలు కుదురుకున్నాయి. కోశాక సరిగా మాగవు, అందుకే కాయ మెత్తబడి మెడ వాలేదాకా చెట్టునే ఉంచాం. పిట్టలకు అందకుండా వల కట్టాం.

కోసిన కొమ్మల్ని జానెడు ముక్కలు చేసి మట్టి కవర్లలో గుచ్చాను. వేర్లు పట్టినవి మామ తన తోట గట్టు మీద పెట్టుకున్నాడు.