తెల్లగా ఉంటేనే తినే మా గుంట: నా అనుభవం

మా గుంటకి, అంటే మా పాపకి, మూడేళ్ళు దాటాయి. పెరుగన్నం, చట్నీ అంటని ఇడ్లీ, పాలు, గుడ్డులో తెల్లసొన. మొన్నమొన్నటి వరకు ఆవిడ తినేవి ఇవే. తెల్లగా ఉంటే నోట్లోకి, రంగుంటే కంచం అవతలికి. పెరుగన్నంలో ఒక్క కరివేపాకు ముక్క కనబడినా ఆ పూటకి సమ్మే. బిస్కెట్ల విషయంలో మాత్రం రంగు పట్టింపు లేదు లెండి.

మాది శ్రీకాకుళం. మా ఆవిడది సచివాలయంలో ఉద్యోగం, పొద్దున్నే వెళ్తే మళ్ళీ సాయంత్రమే. నేను సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు చెబుతాను కాబట్టి పగలు పాప తిండి డ్యూటీ నాదీ, మా అమ్మదీ. తిండి పెట్టడమంటే ఎలా ఉండేదంటే, అమ్మ గిన్నె పట్టుకుని మేడ మీదకి, అక్కణ్ణుంచి వీధిలోకి, కుక్కని చూపించి ఒక ముద్ద, ఆటోని చూపించి ఒక ముద్ద, బూచాడొస్తాడని ఇంకో ముద్ద, ఇవేవీ పనిచేయకపోతే ఫోన్లో వీడియో. గంట దాటినా గిన్నె ఖాళీ అయ్యేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలేమో "ఏటి, గుంట ఇలాగ సన్నబడిపోయింది" అని ఒక మాట అనేసి టీ తాగేసి వెళ్ళిపోయేవారు. ఆ మాట మా ఆవిడకి రాత్రంతా టెన్షన్. ఓ మెడికల్ షాపతను అడక్కుండానే ఆకలి పెంచే టానిక్ అని ఒక సీసా చేతిలో పెట్టాడు. అది మూత తీయకుండానే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

టానిక్ రాస్తారనుకున్నాం. ఆయన రాయలేదు. ఇంటికెళ్ళి కొన్నాళ్ళపాటు పాప నోట్లోకి వెళ్ళిన ప్రతీదీ కాగితం మీద రాసి తెమ్మన్నారు, టైముతో సహా. రాయడం మొదలుపెట్టాక గానీ విషయం తెలియలేదు. లేవగానే గ్లాసుడు పాలు. మధ్యాహ్నం నిద్రకి ముందు సీసాతో పాలు. సాయంత్రం పాలు, బిస్కెట్లు. రాత్రి అన్నం సరిగ్గా తినలేదు కదా అని మళ్ళీ పాలు, అర్ధరాత్రి లేస్తే ఇంకో సీసా. అన్నీ కలిపితే లీటరుకి దగ్గర్లో ఉంది. దానికి తోడు మా నాన్న సాయంత్రం బయటికెళ్ళి వస్తూ తెచ్చే పొట్లం, అది రోజూ ఏదో ఒకటి ఉండాల్సిందే. డాక్టరు గారు ఆ కాగితం చూసి నవ్వి, "ఇంత తాగేస్తే నాకైనా ఆకలెక్కడేస్తుందండీ" అన్నారు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చినవి రాస్తాను. ఈ వయసు పిల్లలకి రోజుకి అర లీటరు లోపు పాలు చాలు. ఆవుపాలలోనూ గేదెపాలలోనూ ఐరన్ చాలా తక్కువ, పైగా పాలలోని కాల్షియం తిండిలో ఉన్న ఐరన్ని కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. అందుకే పాల మీదే బతికే పిల్లలకి రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి తగ్గుతుంది, ఆకలి లేదని మనం ఇంకో గ్లాసు పాలు పడతాం. మా పాపకి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 11 కన్నా కొంచెం తక్కువే వచ్చింది. ఈ వయసులో 11కి తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మందు రాసిచ్చి, పాలతో కలిపి వేయొద్దు, నిమ్మరసమో బత్తాయి రసమో పడితే మంచిది అన్నారు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు అని కూడా చెప్పారు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే మా అమ్మ మమ్మల్ని మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తించేది. మోతాదు మాత్రం బరువుని బట్టి ఉంటుంది, ఎవరికి వాళ్ళు డాక్టరునే అడగండి. నులిపురుగుల మాత్ర వేయించారా అనీ అడిగారు, ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో వేస్తారు కదా, అది మేం వేయించాం.

బరువు సంగతి. అంగన్‌వాడీలో ఇచ్చిన కార్డులో గీతలుంటాయి చూడండి, అందులో పాప మొదటినుంచీ ఆకుపచ్చ రంగు మేరలోనే, ఒకే వరసలో పెరుగుతోంది. మూడేళ్ళ ఆడపిల్లకి సగటు బరువు 14 కిలోలకి కాస్త తక్కువ, మాది 13 దాటింది. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టిన బరువుకి మూడింతలవుతారు, రెండేళ్ళు దాటాక మాత్రం ఏడాదికి రెండు కిలోలు పెరిగితే గొప్ప. పెరుగుదల తగ్గితే ఆకలీ తగ్గుతుంది. కొత్త తిండి అంటే భయపడటం కూడా రెండు నుంచి ఆరేళ్ళ మధ్య మామూలేనట. సన్నబడిపోయింది అన్న చుట్టాలందరికీ ఆ కార్డు జిరాక్స్ తీసి పంచాలనిపించింది నాకు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది, అదీ పాపతో కాదు, మా అమ్మతో. పాలు తగ్గించాలి, సీసా తీసేయాలి, వెంటపడి తినిపించకూడదు అనగానే అమ్మ ముఖం మాడిపోయింది. "నలుగుర్ని పెంచీసేను నాను, నువ్వు నాకు సెప్తావేటి? గుంటకి పాలు కూడా మానిపించీసి ఏటి పెడతావు, గాలా?" అంది. ఆవిడ లెక్కలో పాలు తాగని పిల్ల అంటే దిక్కులేని పిల్ల. ఆవిడ కాలంలో పాడి ఉన్న ఇంట్లో కూడా పిల్లలకి ఇన్ని పాలు ఎక్కడివి, మేం నలుగురం కలిసి ఒక చెంబుడు తాగేవాళ్ళం, ఆ మాటే మెల్లగా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాల్షియం ఎలాగ మరి అని ఆవిడే అడిగింది, టీవీలో విన్న మాట. చోళ్ళు ఉన్నాయి కదమ్మా అన్నాను, అంటే రాగులు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, ఇంకే ధాన్యం దాని దరిదాపుల్లో లేదు. చోడి అంబలి తాగి పెరిగిన మనిషి కదా, ఇంక కాదనలేకపోయింది.

నాన్నతో వేరే దారి పట్టాల్సి వచ్చింది. పొట్లం తేవద్దంటే ఆయనకి మనవరాలి దగ్గర ఉన్న పరపతి మొత్తం పోతుంది. అందుకని ఆయన్ని కూరల మనిషిని చేశాం. రోజు విడిచి రోజు పాపని స్కూటర్ ముందు నిలబెట్టుకుని రైతు బజార్‌కి తీసుకెళ్ళాలి, ఒక కూర పాపే ఎంచాలి, ఏది ఎంచినా తేవాల్సిందే. మొదటిసారి తెల్ల ముల్లంగి తెచ్చారు. రంగు చూశారుగా, ఆశ్చర్యమేం లేదు.

మేం పెట్టుకున్న పద్ధతి ఇదీ: తిండికి టైములు పెట్టాం, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం చిరుతిండి, రాత్రి, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏదీ లేదు. పాలు గ్లాసుతోనే, అదీ తిన్న తర్వాత కాసేపాగి. అందరం కింద కూర్చుని ఒకేసారి తింటాం, ఫోన్ వేరే గదిలో. పాప కంచంలో తను తప్పకుండా తినేది ఒకటి, అంటే పెరుగన్నమో ఇడ్లీయో ఉంటుంది, పక్కన మేం తినే కూర గోరంత. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మా పని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పాప పని. 'ఇంకొక్క ముద్ద' అనే మాట ఇంట్లో నిషేధం. ఇది రాయడానికి ఎంత తేలిగ్గా ఉందో చేయడానికి అంత కష్టం, ఎందుకంటే పాప మొదట్లో ఏమీ తినకుండా లేచిపోయేది, గంటకే బిస్కెట్ కావాలని వంటింటి గుమ్మంలో పడుకుని ఏడ్చేది, అమ్మ నావైపు చూసే చూపుకి నాకు అన్నం దిగేది కాదు. సీసా మానిన రాత్రులైతే ఎవరికీ నిద్ర లేదు. ఓ వారం గడిచాక ఒక మధ్యాహ్నం పాప తనంతట తను వచ్చి "ఆకలి" అంది. ఆ మాట పాప నోట అంతకు ముందు మేం విన్నదే లేదు, ఆకలి వేసేంత ఖాళీ ఎప్పుడిచ్చాం గనక.

తోటకూర కథ కొంచెం వివరంగా చెప్పాలి. వెల్లుల్లి వేసి చేసిన తోటకూర వేపుడు కంచంలో చిటికెడు పెడితే మొదటిరోజు "గడ్డి" అని చూపుడువేలితో అంచు దాటించి నేల మీదకి తోసింది. మేం ఏమీ అనలేదు, తుడిచేశాం. తర్వాత కొన్నిసార్లు కంచంలోనే ఉండనిచ్చింది, అన్నానికి తగలకుండా. ఓసారి వేలితో నొక్కి చూసి, వేలు వాసన చూసుకుంది. ఇంకోసారి నాలిక్కి ఆనించి, మొహం వికారంగా పెట్టి, ఊసేసింది. ఊసేయడం కూడా లెక్కలోకే వస్తుందని డాక్టరు ముందే చెప్పారు, ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు పడుతుంది, మనం మూడుసార్లకే 'మా పిల్ల తినదు' అని తేల్చేస్తాం అన్నారు. ఈలోపు తోటకూర కాడల నుంచి ఆకులు తుంచే పని అమ్మ పాపకి అప్పజెప్పింది. సగం ఆకులు నేల మీదే అనుకోండి. చివరికి తన కంచంలోది వదిలేసి తాత కంచంలోంచి తీసుకుని తినీసింది. మేమంతా గోడవైపు చూస్తూ అన్నం తింటున్నట్టు నటించాం, ఎందుకంటే చప్పట్లు కొడితే మళ్ళీ మొదటికొస్తుంది.

గుడ్డు సంగతి ఇంకా విచిత్రం. ఇంట్లో పచ్చసొన తీసి నా కంచంలో వేసే పిల్ల, అంగన్‌వాడీలో మిగతా పిల్లలతో కూర్చుంటే గుడ్డు మొత్తం తింటోందట. ఆయా చెబితే నమ్మక వెళ్ళి కిటికీలోంచి చూశాను. పక్కపిల్లాడి గుడ్డుతో తన గుడ్డు ఆనించి మరీ తింటోంది. అప్పట్నుంచి ఆదివారాలు మా అన్నయ్య పిల్లల్ని భోజనానికి పిలుస్తున్నాం.

కూరలు మెత్తగా రుబ్బి దోసెలో దాచేయమని చాలామంది సలహా ఇస్తారు. చోడిపిండి నేనూ దోసెల పిండిలో కలుపుతాను, కానీ పాప ముందే కలుపుతాను. దాచిపెడితే ఒంటికి పడుతుందేమో గానీ పిల్లకి ఆ కూర పరిచయం కాదు, పైగా ఓసారి దొరికిపోతే దోసె కూడా మానేస్తుంది. పాలలో కలిపే పొడుల డబ్బాలు మేం కొనలేదు. వాటిలో చాలావాటిలో చక్కెరే ఎక్కువ, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే అలాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసేయమని ఆన్‌లైన్ షాపులకి చెప్పింది. పలాస నుంచి అత్తగారు పంపిన జీడిపప్పు మాత్రం బెల్లంతో పొడి కొట్టి పెడతాం. జీడిపలుకులు, వేరుశనగ గింజలు అలాగే పెట్టకండి, ఐదేళ్ళ లోపు పిల్లలకి గొంతులో అడ్డం పడతాయి.

అందరికీ ఇదే మంత్రం అని నేను అనను. పిల్ల బరువు తగ్గుతున్నా, గట్టి పదార్థం ఏది పెట్టినా పొలమారి వాంతి చేసుకుంటున్నా, ఇదివరకు తిన్నవి కూడా ఒక్కొక్కటే మానేస్తున్నా అది మొండితనం కాకపోవచ్చు, డాక్టరుకి చూపించాలి.

ఇప్పుడు పాప తోటకూర, పప్పు, చిలగడదుంప, జామకాయ, ముళ్ళు తీసి పెడితే చేప తింటుంది. రక్తం 11 దాటింది. వంకాయ ముట్టదు, బెండకాయ జిగురని ఏడుస్తుంది, టమాటా రోజుకో మాట. వచ్చేవారం పలాసలో పెళ్ళి, అక్కడ కూల్‌డ్రింకులూ లడ్డూలూ ఎవరూ ఆపలేరు, ఆ రెండు రోజులూ వదిలేద్దామని మా ఆవిడా నేనూ ముందే అనుకున్నాం. అమ్మ మాత్రం ఒప్పుకోవట్లేదు, చోడిపిండి డబ్బా బ్యాగులో పెట్టేసింది.