పొద్దున వాక్యం, మధ్యాహ్నం ఆట, రాత్రి నెగడు

చర్చి పిల్లల వేసవి క్యాంపుల టైంటేబుల్‌కి నూట నలభై ఏళ్లు దాటాయి. 1880లో అమెరికాలో జార్జ్ హింక్లీ అనే పాస్టరు, సంఘంలోని పిల్లల్ని దగ్గరగా తెలుసుకోవాలని ఏడుగురు అబ్బాయిల్ని రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని గార్డ్‌నర్స్ దీవికి తీసుకెళ్లారు. పొద్దున బైబిలు, చదువు. మధ్యాహ్నం ఈత, ఆటలు. రాత్రి పాటలు, ప్రసంగం, ప్రార్థన. చర్చి క్యాంపుల్లో మొదటిదిగా దీన్నే చెబుతారు. 1885లో సమ్నర్ డడ్లీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరెంజ్ సరస్సు ఒడ్డున వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువకుల సంఘం) పిల్లలతో క్యాంపు పెట్టారు. అక్కడా ఏడుగురే. అందరూ జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకోవడంతో దానికి 'బట్టతల క్యాంపు' అని పేరు పడింది. క్యాంపుకో వింత పేరు తగిలించే సరదా అంత పాతది!

హింక్లీ వరసను తారుమారు చేస్తేనే చిక్కులు. మధ్యాహ్నం తిన్నాక వాక్యం, అంటే బైబిలు బోధ, చెబితే సగంమంది కునికిపాట్లే. భోజనం తర్వాత గంటసేపు ఎవరి పక్క మీద వాళ్లుండాలి. నిద్రపోవాలనేం లేదు, పుస్తకం చదువుకోవచ్చు, ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు. ఆ గంటను మింగేసి ఇంకో ప్రార్థన కూడిక పెట్టారా, రాత్రయ్యేసరికి కొట్లాటలు, ఏడుపులు. ఇంటి బెంగ కూడా మొదటి రెండు రాత్రుల్లో, పడుకునే వేళకే ఎక్కువ. అప్పుడు ఫోన్లో అమ్మ గొంతు వినిపిస్తే బెంగ రెట్టింపవుతుంది. పక్క పిల్లవాడితో కలిసి చేసే చిన్న పని అప్పగించడం మేలు.

లెక్క విషయంలో మొహమాటం కూడదు. రాత్రి బస ఉండే క్యాంపులకు అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ కొలత ఇది: 6 నుంచి 8 ఏళ్ల వాళ్లు ఆరుగురికి ఒక పెద్ద, 9 నుంచి 14 ఏళ్ల వాళ్లు ఎనిమిది మందికి ఒకరు. నీళ్లలోకి జంటలుగానే దింపాలి. ఈల వేయగానే జంట చేతులు పట్టుకుని పైకెత్తాలి, గట్టిగా లెక్కపెట్టాలి.

ఇక చివరి రాత్రి నెగడు. చుట్టూ మూడు మీటర్ల మేర ఆకూ అలమూ ఊడ్చేయాలి, బకెట్లతో నీళ్లు పక్కనే ఉండాలి. మధ్యలో ఎండుటాకులు, వాటిపై వేలంత పుల్లలు గోపురంలా, బయట లావు దుంగలు చతురస్రంగా. పొగ కమ్ముకుంటే కట్టెలు పచ్చివైనా అయి ఉండాలి, గాలికి సందైనా లేకపోయి ఉండాలి. కిరోసిన్ మాత్రం పోయొద్దు. మంట ఎగిసినప్పుడు అభినయ గీతాలు, తగ్గేకొద్దీ నెమ్మది పాటలు, నిప్పులు మిగిలాక పది నిమిషాల వాక్యం. ఈ వరస తెలియని వాళ్లు ప్రసంగంతో మొదలెట్టి నెగడును వృథా చేస్తారు.

తర్వాత ఒక్కొక్కరూ నిప్పుల్లో పుల్ల వేసి సాక్ష్యం, అంటే తమ విశ్వాస అనుభవం, చెప్పే పాత ఆచారం. వరసగా అందర్నీ అడిగితే నాలుగోవాడు మూడోవాడి మాటే అప్పజెబుతాడు, ఒకరు ఏడిస్తే పక్కవాళ్లూ ఏడుస్తారు. పుల్ల అందరూ వేయనివ్వండి, మాట ఇష్టమైనవాళ్లే చెప్పనివ్వండి. అలసిన పిల్లల చేత రాత్రి పదింటికి చేతులెత్తించి 'క్రీస్తును వెంబడిస్తామని ఇంతమంది తీర్మానం చేసుకున్నారు' అని రాసుకోవడం అన్యాయం. మాట్లాడాలనుకున్న పిల్లలతో పొద్దున, పదిమందికీ కనిపించే చోట కూర్చుని మాట్లాడవచ్చు.

పిల్లలు వెళ్లాక నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ పోయాలి. అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టినా వేడి తగలకపోతేనే నెగడు ఆరినట్టు.