మూడుకు బదులు ముప్పై

పొద్దున ఎనిమిదిన్నరకి ల్యాబ్ తాళం తీసేసరికి ఏసీ ఆగిపోయి ఉంది. రాత్రి కరెంటు పోయి ఉంటుంది. శ్రావణం వచ్చినప్పటినుంచి హైదరాబాద్ గాలంతా చెమ్మ, ఆ చెమ్మ వెండికి అసలు పడదు. నిన్న సాయంత్రం తయారు చేసి మూత పెట్టిన వెండి ఎలక్ట్రోడ్ తీసి చూస్తే అంచు చుట్టూ గోధుమరంగు చార. ఒక్క రాత్రికే! అనుకున్నదే అయినా ఉసూరుమంది. మళ్లీ మొదటినుంచి రుద్దుడే.

నువ్వు చేసే పనేంటని చుట్టాలెవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు. నిజం చెప్పాలంటే వెండిని అద్దంలా మెరుగుపెట్టి, ఆ తర్వాత కావాలని పాడుచేస్తాను. అలా పాడుచేసిన వెండి మీద పంటకి వాడే మందు చుక్క వేసి లేజర్ కొడితే, ఆ చుక్కలో ఏముందో వెనక్కి వచ్చే వెలుగు చెబుతుంది. మామూలుగా అయితే సి.వి. రామన్ కనిపెట్టిన ఈ వెలుగు మహా పిసినారి. కోటి ఫోటాన్లు పడితే ఏ ఒక్కటో రంగు మార్చుకుని వస్తుంది. గరుకు వెండి మీద ఆ పిసినారితనం లక్షల రెట్లు తగ్గుతుంది. మా రంగంలో దీన్ని సర్ఫేస్ ఎన్‌హాన్స్‌డ్ రామన్ స్కాటరింగ్, పొట్టిగా సర్స్ అంటారు.

రుద్దడం అంటే నాకు ఇష్టమే. మఖమల్ గుడ్డ మీద అల్యూమినా పొడి, నాలుగు చుక్కల నీళ్లు. పాలలా అవుతుంది. మొదట 1 మైక్రాన్ పొడి, తర్వాత 0.3, చివర 0.05. ఎలక్ట్రోడ్‌ని నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె వేస్తున్నట్టు తిప్పాలి, ఒకే వైపు రుద్దితే గీతలన్నీ ఆ వైపే పడతాయి. పొడి మార్చిన ప్రతిసారీ బాగా కడగాలి. ముందు పొడిలోని ఒక్క పెద్ద రేణువు మిగిలినా అరగంట పని గోవిందా. ఎలక్ట్రోడ్ కొసన ఉండేది 2 మిల్లీమీటర్ల వెండి బిళ్ల, నా చిటికెన వేలి గోరులో పావు వంతు కూడా ఉండదు. అందులో ట్యూబ్‌లైట్ గీతలా కనిపించేదాకా రుద్దాను.

ఆ తర్వాత పాడుచేయడం. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ నీళ్లలో ముంచి, వోల్టేజీని మైనస్ 0.3 వోల్టుల నుంచి ప్లస్ 0.2 దాకా మెల్లగా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తేవాలి. పైకి వెళ్లేటప్పుడు పై పొరలోని వెండి కరిగి, క్లోరైడ్‌తో కలిసి తెల్లటి పొరలా పేరుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు క్లోరైడ్ వదిలేస్తుంది, వెండి మళ్లీ వెండి అవుతుంది. కానీ పోయిన చోటికే రాదు. ఎక్కడ పడితే అక్కడ పదుల నానోమీటర్ల బొడిపెలుగా కూర్చుంటుంది. వెలుగు పడితే ఆ బొడిపెల్లోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారిగా ఊగుతాయి. రెండు బొడిపెల మధ్య సందులో వెలుగు బలం బాగా పెరుగుతుంది, అక్కడ ఇరుక్కున్న అణువుకి ఇక జాతరే.

అక్కడే అమ్మ ఫోన్.

"ఏమ్మా, తిన్యావా?"

"ఇంకా పదకొండే కదమ్మా."

వరలక్ష్మీ వ్రతానికి వెండి కుందులు బయటికి తీసిందట. బొగ్గులా నల్లగా ఉన్నాయట. పొద్దున్నుంచి విభూదితో రుద్దుతోంది, చేతులు పడిపోతున్నాయంది. అమ్మా, అది మురికి కాదు, గాలిలోని గంధకం వెండితో కలిసి నల్లబడింది, నువ్వు విభూదితో రుద్దిన ప్రతిసారీ కాస్త వెండి కూడా పోతోంది అన్నాను. "పోతే పోనీలే, నీ పెండ్లికి కొత్తవి చేపిస్తాం" అంది. ఆ మాటని ఎటు తిప్పాలో తెలియక, అల్యూమినియం గిన్నెలో వేడినీళ్లు పోసి, వంటసోడా వేసి, కుందులు గిన్నెకి తగిలేలా పెట్టి చూడమన్నాను. నల్లదనంలోని వెండి వెండిగానే తిరిగొస్తుంది. ఇక్కడ నేను కరెంటుతో చేసేదాన్ని అక్కడ గిన్నె చేస్తుంది, అంతే.

నాన్న ఏం చేస్తున్నాడని అడిగాను. విత్తనం పడ్డాక వాన మొహం చాటేసింది, చేను చూడ్డానికి పోయినాడంది. మాది అనంతపురం వైపు. వేరుశనగ విత్తనాలకి బూజు తెగులు రాకుండా కిలోకి 3 గ్రాముల లెక్కన థైరం పట్టిస్తారు. చిన్నప్పుడు గోనెపట్టా మీద నాన్న ఒట్టి చేతులతో కలుపుతుంటే పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు నేను వెతుకుతున్నది ఆ థైరమే. దాని నడుమ రెండు గంధకం పరమాణువుల జంట ఉంటుంది. వెండి కనిపిస్తే ఆ జంట విడిపోయి రెండూ వెండిని పట్టుకుంటాయి. అమ్మ కుందులు నల్లబడటానికీ, నాకు సిగ్నల్ రావడానికీ కారణం ఒకటే, గంధకానికి వెండి మీదున్న పిచ్చి.

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి ఇదంతా మాట్లాడుతూనే, ఒక చేత్తో ప్రోగ్రాం నడిపించాను. మూడు సార్లు అని కొట్టాల్సిన చోట ముప్పై కొట్టాను. ఫోన్ పెట్టేసి చూస్తే పద్దెనిమిదో రౌండు నడుస్తోంది. బిళ్ల లేత తేనెరంగులో ఉండాల్సింది, పెనం అడుగులా ఉంది.

ఎక్కువ గరుకైతే ఎక్కువ సిగ్నల్ రావాలి కదా అని జూనియర్ అడిగాడు. మొదట్లో అందరూ అలాగే అనుకున్నారు. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌విలన్ వెండి ఎలక్ట్రోడ్ వోల్టేజీని వందలసార్లు ఇలా పైకీ కిందికీ తిప్పి, దాని మీద పిరిడిన్ అనే రసాయనం సిగ్నల్ చూశారు. గరుకైతే వైశాల్యం పెరిగి ఎక్కువ అణువులు అంటుకుంటాయి, అందుకే సిగ్నల్ అన్నారు. 1977లో అమెరికాలో వాన్ డైన్, జీన్‌మెయిర్, విడిగా ఇంగ్లండ్‌లోనే ఆల్బ్రెక్ట్, క్రైటన్ లెక్కలు కట్టి చూస్తే, పెరిగిన వైశాల్యానికీ పెరిగిన సిగ్నల్‌కీ పొంతనే లేదు. సిగ్నల్ లక్షల రెట్లు. పైగా వాన్ డైన్ వాళ్లకి కొద్దిగా గరుకు చేస్తేనే ఎక్కువ వచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది అదే. తప్పు కారణం నమ్ముకుని సరైన పని చేశారు. నేను ఇవాళ సరైన కారణం తెలిసి కూడా తప్పు పని చేశాను. ఆ మాడిన బిళ్లని కూడా కొలిచాం, పారేసే ముందు చూద్దామని. ప్రతి అణువుకీ గ్రాఫ్‌లో తన అంకెల దగ్గరే మొన లేస్తుంది, దాన్నే పీక్ అంటాం. ఇక్కడ దాన్ని పీక్ అని పిలవడానికి మొహమాటపడేంత ఉంది.

జూనియర్‌ది వైజాగ్. రామన్ నాన్నగారు అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, రామన్ చదివింది వైజాగ్‌లో, సముద్రం నీలం ఎందుకని ఆయనకి పుట్టిన అనుమానం మా బీచ్‌లోదే అని వాడి వాదన. మొదటి రెండూ నిజమే. మూడోది 1921లో ఓడలో మధ్యధరా సముద్రం మీద అని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

లంచ్ తర్వాత ఇంకో బిళ్ల, ఈసారి మూడంటే మూడే. తేనెరంగు వచ్చింది. సిలికాన్ ముక్క పీక్ 520.7 దగ్గరే వస్తోందా అని యంత్రాన్ని సరిచూసుకుని, బిళ్లని బీకర్‌లోని థైరం ద్రావణంలో ముంచి తీసి 785 నానోమీటర్ల లేజర్ కింద పెట్టాను. 1370లలో నిటారుగా పీక్! థైరం 1380 దగ్గర రావాలి. "అక్కా, వచ్చేసింది" అని వాడు ఒకటే గంతులు. నాకెందుకో నచ్చలేదు. కాస్త ఎడమకి ఉంది. పైగా 1172 దగ్గర ఒకటి, 1619 దగ్గర ఒకటి. థైరానికి అవి ఉండవు. కొత్త బిళ్లని అదే బీకర్‌లో ఒట్టి నీళ్లలో ముంచి చూస్తే అవే పీకులు, అంతే ఎత్తు.

క్రిస్టల్ వయొలెట్. చిన్నప్పుడు నోటిపూతకి అవ్వ దూదితో పూసిన ఊదారంగు మందు ఇదే, నాలిక మూడు రోజులు వంకాయలా ఉండేది. మొన్న ఎవరో ఆ బీకర్ వాడి, రంగు పోయేదాకా కడిగి పెట్టారు. కంటికి పోయింది, వెండికి పోలేదు. ఎవరో అని రాశాను గానీ, రిజిస్టర్ తిరగేస్తే ఆ తేదీకి నా సంతకమే ఉంది. జూనియర్‌కి చూపించలేదు. బీకర్లన్నీ నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టాను.

ఆరింటికి కొత్త సీసాలో, మిగిలిన ఆఖరి బిళ్లతో 1381. చిన్నదే, దానితోపాటు 560 దగ్గర ఇంకొకటి. ఇది థైరమే. పది చోట్ల కొలిస్తే ఒకచోట ఉన్నదానికి రెట్టింపు ఇంకోచోట. బొడిపెలు వాటి ఇష్టప్రకారం కూర్చుంటాయి మరి, గైడ్‌కి ఈ మాట ఇలాగే చెప్తే ఊరుకోరు.

రాత్రి హాస్టల్‌కి వచ్చేసరికి అమ్మ వాట్సాప్‌లో ఫోటో పంపింది. కుందులు తళతళలాడుతున్నాయి. వెంటనే ఫోన్ కూడా చేసింది.

"నువ్వు చెప్పినట్లే తెల్లగైనాయి గానీ, ఇల్లంతా మురిగిపోయిన కోడిగుడ్డు వాసనేందే? పూజ సామాన్లకి చెప్పే పనేనా ఇది?"

గంధకం పోతూ పోతూ ఆ వాసన వదులుతుందని చెప్పడం మర్చిపోయాను. వాసన పోవాలని మళ్లీ చింతపండుతో తోమి, ఆ మీద విభూది పెట్టి రుద్దిందట.