ఇంకోసారి గియ్యి

మొదట పోయింది చెప్పు. బడి వరండాలో నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయినా నాకు తెలియలేదు. ఎనిమిదో తరగతి పిల్ల వెనకాలే పరిగెత్తుకొచ్చి "టీచర్, మీ చెప్పు" అంది. 2022 ఆగస్టు అది. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాను. దగ్గర్లో చూపించుకుంటే అక్కడా అదే అన్నారు, బలానికి మాత్రలు రాశారు. మూడో రోజు బోర్డు పైవరసకు చెయ్యి లేవలేదు. నాలుగో రోజు పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మా తమ్ముడు ఎత్తుకుని కార్లో వేశాడు.

హనుమకొండలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఉలకలేదు, పలకలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. కడుపులో చేరిన క్రిమి మీదికి లేచిన రక్షణ శక్తే దారి తప్పి నరాల మీద పడుతుందట. "నరం చుట్టూ ఒక తొడుగు ఉంటుందమ్మా..." అని ఆయన మొదలుపెడితే, మైలిన్ అని నేనే అన్నాను. నేను చెప్పేది బయాలజీ. పైగా ఆ తొడుగు బొమ్మ నా చేత ఎన్నిసార్లో గీయించిన మనిషి ఒకరున్నారు.

1998లో నర్సంపేట పక్క పల్లె నుంచి వచ్చి హనుమకొండలో డిగ్రీలో చేరాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇక్కడేమో అంతా ఇంగ్లిష్. జువాలజీ మొదటి పరీక్షలో తప్పాక ఊరికి పోదామని సంచి సర్దుకున్నాను. రికార్డు తెచ్చుకుందామని ల్యాబుకు వెళ్తే, నాడీకణం బొమ్మ కింద జువాలజీ సార్ పెన్సిల్‌తో రాసి ఉంచారు: "ఇంకోసారి గియ్యి. వస్తది." నరం తీగ పొడవునా అక్కడక్కడా తొడుగు తెగి ఉండాలి, ఆ ఖాళీలనే రాన్వియర్ కణుపులంటారు. నేనేమో గొలుసులా కలిపేసేదాన్ని. అది నాకు నోటితో చెప్పొచ్చు కదా! చెప్పలేదు. ఏడోసారో ఎనిమిదోసారో నాకే కనిపించింది. సార్ "ఊఁ" అని సంతకం పెట్టారు. ఆ "ఊఁ" మీదే నా బీఎడ్, రెండుసార్లు తప్పిన డీఎస్సీ, ఉద్యోగం అన్నీ నడిచాయి.

ఐసీయూలో ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రక్తంలోని యాంటీబాడీల మందు ఎక్కించారు, కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల లెక్కన. వేలమంది దాతల ప్లాస్మా కలిపి దాన్ని తయారు చేస్తారు. ఖర్చెంతో మా ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చాక బీరువాలో నా గాజుల డబ్బాలో బ్యాంకు చీటీ కనిపించింది.

కాళ్ల గురించి అంత టెన్షన్ పడలేదు, ఊపిరి గురించే. ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడతానో నర్సు పూటపూటా చూసేది. పద్నాలుగు. మర్నాడు పదకొండు. తలుపవతల వెంటిలేటర్ అన్న మాట వినబడింది. "ఇంకోసారి, మేడం" అంది ఆ పిల్ల. తను ఎవరి మాట అందో తనకేం తెలుసు! పన్నెండు వచ్చింది. మూడో నాటికి పద్దెనిమిది.

తర్వాతవి చెప్పుకోవడానికి చిన్న పనులు, చేయడానికి కొండలు. బొత్తాం పెట్టుకోవడం. అన్నం ముద్ద కలుపుకోవడం. సద్దుల బతుకమ్మ నాటికి పద్మాక్షి గుట్ట కింద కుర్చీలో కూర్చుని చూశాను. ఒళ్లో గునుగు పూలు పోసుకున్నా ఒక్కటీ పేర్చలేకపోయాను, వేళ్లు మాట వినలేదు. ఆ రాత్రి మా అమ్మాయి పెన్సిల్ తీసుకుని నాడీకణం గీశాను. కోడి కెలికినట్టు వచ్చింది. రోజుకొకటి గీశాను. సంక్రాంతికి నా జడ నేనే వేసుకున్నాను.

అప్పుడు సార్‌కు ఫోన్ చేశాను. రిటైరై చాలా కాలమైంది, వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పాక గుర్తుపట్టారు. ఆ పెన్సిల్ రాత సంగతి చెబితే నవ్వారు.

"అందరికీ అదే రాసేటోన్ని బిడ్డా. ఎక్కడ తప్పో రాయాలంటే రికార్డులు అరవై ఉండె, ఎట్లయితది?"

కాసేపాగి, "కణుపులు ఇప్పుడు సక్కగ వస్తున్నయా?" అని అడిగారు.

కొన్ని వస్తున్నాయన్నాను. ఎడమ పాదంలో రెండు వేళ్లకు తిమ్మిరి ఇంకా పోలేదు, అది మాత్రం చెప్పలేదు.