సెల్లోటేప్ అతికించింది నేనే

సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్తే మా వీధి లైబ్రరీలో బీరువాలు సర్దాలి, ఓ చెయ్యి వెయ్యరా అన్నారు మాస్టారు. సరేనని వెళ్లా. పాత పత్రికల బైండు ఒకటి తీసి పేజీ తిప్పానో లేదో మూల అప్పడంలా పటుక్కున విరిగింది. పేజీ మధ్యలో బెల్లం రంగు చార. చూడగానే గుర్తుపట్టా, ఎనిమిదో క్లాసులో నేను అతికించిన సెల్లోటేపే అది. టేపు ఎప్పుడో రాలిపోయింది గానీ జిగురు కాగితంలోకి దిగిపోయి అక్షరాలు కూడా మసకబారాయి. అప్పుడు మాస్టారు నన్ను మెచ్చుకుని అందరి ముందూ నిలబెట్టారు కూడా.

తాటాకులు వందల ఏళ్లు నిలుస్తాయి గానీ ఈ కాగితం వందేళ్లు కూడా ఆగదు, ఎందుకంటే అది చెక్క గుజ్జుతో చేసింది, పైగా సిరా పాకకుండా పటిక కలిపేవారు, దాంట్లోంచి పుట్టిన ఆమ్లం లోపల్నుంచే తినేస్తుంది, చెదలు అక్కర్లేదు. తమాషా ఏంటంటే పాత ప్రతులు కాపాడ్డానికని 2003లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ మిషన్ చేతిరాత ప్రతులకే, అవీ 75 ఏళ్లు దాటినవే, అచ్చు పుస్తకాలు లెక్కలోకి రావు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, అప్పట్నుంచి ఇక్కడి తెలుగు పుస్తకాలు అటూ ఇటూ కాకుండా పోయాయి. ఒకసారి లిస్టు రాయడానికి వచ్చినాయనకి తెలుగు రాదు, బీరువా మొత్తాన్ని 'ఇతరములు' అని ఒక్క లైన్లో తేల్చేశాడు! గిడుగు వారు సవర భాష మీద పనిచేసిన ఊరండీ ఇది.

ఉన్న డబ్బుల్తో అన్నీ కాపాడలేం కదా, అందుకే ముందు నోట్‌బుక్‌లో పేరు పేరునా రాసుకుని, ఇంకెక్కడా దొరకవనిపించినవి వేరే పెట్టాం, స్కానింగ్ వాటికే ముందు. బీరువాలు గోడకి జానెడు ఎడంగా జరిపాం, చెమ్మంతా ఆ గోడ నుంచే. లామినేషన్ చేయిద్దామని ఎవరో అన్నారు గానీ వద్దన్నా, వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, పలచటి టిష్యూ కాగితం, గంజి జిగురు అయితే రేపు తడిపి తీసేయొచ్చు. రబ్బరు బ్యాండ్లన్నీ పారేసి నూలు టేపుతో కట్టాం.

నా బైండు దగ్గరికొచ్చేసరికి మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఎవడ్రా ఈ దిక్కుమాలిన పని చేసింది?" అన్నారు. నేను పెన్సిల్‌తో నంబరు రాసుకుంటూ తలెత్తలేదు.